పరుల చేతిలో పడిన ముద్రిక



నేను వెలిగండ్ల ప్రాంతమున చాలకాలము తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. కావ్యములును వ్యాకరణమును చదువుకొన్నవానికి కంప్యూటరు గొడవ యేల యని మీలో కొందఱు తలపవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానముగా మొదట నొక చిన్న సంగతి మనవి చేసెదను.

కొన్నియేండ్ల క్రిందట ఒకనాటి యుదయమున, నాతో పాటు ఉపాధ్యాయులుగా పనిచేసి విరమించిన పెద్దమనిషి యొకరు మా యింటికి వచ్చిరి. లోనికి రమ్మన్నను రాక, అరుగు మీదనే కూర్చుండిరి. "అయ్యవారూ, ఒక మాట. మా యింటిలో ఎవ్వరికిని తెలియరాదు" అని సెల్‌ఫోను నా చేతికిచ్చిరి. అందులో ఇంగ్లీషున ఒక ఈమెయిలు జాబున్నది. "నీ పాసువర్డు ఇది. నీవు ఫోనులో చూచిన అసభ్యదృశ్యములును, చూచునప్పటి నీ ముఖమును నా యొద్ద నున్నవి. మూడు దినములలో నేనడిగిన సొమ్ము బిట్‌కాయినుల రూపమున పంపనిచో నీ బంధుమిత్రుల కెల్లరకు వానిని పంపెదను" అని దాని సారాంశము.

ఆయన అట్టివేవియు చూచినవారు కారు. కాని పాసువర్డు మాత్రము నిజమైనదే. మనుమరాలి పేరునకు పుట్టిన సంవత్సరము చేర్చి ఆయన స్వయముగా పెట్టుకొన్నదే. "ఇది వానికెట్లు తెలిసినది? ఇంత తెలిసినవాడు తక్కినది కల్పింపలేడా? ఊరిలో తలయెత్తుకొని తిరుగుట యెట్లు?" అని రెండు రాత్రులు నిద్రలేకుండెను. కనిగిరికి పోయి ఎవరినైన నడిగి సొమ్ము పంపింతునని బయలుదేరి, దారిలో మా యింటి దగ్గఱ ఆగిరి. నలువదియేండ్లు బడిపిల్లలకు నీతి చెప్పిన మనిషి, చేయని తప్పునకు తలవంచుకొని నా యెదుట కూర్చుండెను.

ఆనాడు మమ్ము గట్టెక్కించినది ఒక్క ప్రశ్న: "ఈ చిరునామాయు ఈ పాసువర్డును ఇంతకు పూర్వమే ఎక్కడనైన దొంగల పాలైనవా?" దానికి సమాధానము అయిదు నిమిషములలో దొరకినది. కాని ఆ సమాధానము మనవంటివారికి దొరకు స్థితి యేర్పడుటకు అర్ధశతాబ్దము పట్టినది. ఆ చరిత్రయే నేటి నా ప్రసంగవిషయము.

విశాఖదత్తుని ముద్రారాక్షసము కథ మీలో చాలమంది యెఱిగినదే. నందుల మంత్రి రాక్షసుడు పాటలీపుత్రమును విడిచిపోవునపుడు తన ముద్రికను భార్యకిచ్చిపోయెను. ఆమె చందనదాసుని యింట దాగియుండగా, వాకిటికి వచ్చిన బాలుని లోనికి లాగుకొనునపుడు ఆ యుంగరము వ్రేలినుండి జాఱి గడప కడకు దొర్లెను. చాణక్యుని చారుడు దానిని గ్రహించెను. చాణక్యుడు ఒక లేఖ వ్రాయించి, దానిపై ఆ ముద్ర వేయించెను. తరువాత ఉంగరము రాక్షసుని చేతికి తిరిగి వచ్చినది కూడ. అతడు దానిని గుర్తించెను. ఎక్కడ దొరకినదో వినెను. కాని నడుమ అది ఎవరి చేతులలో నుండెనో, దానితో ఏ లేఖకు ముద్ర పడెనో విచారింపలేదు. ఆ యొక్క విచారణ చేయకపోవుటచే మలయకేతుని నమ్మకము పోయినది, మంత్రాంగ మంతయు కూలినది.

నేటి మన పాసువర్డు అట్టి ముద్రికయే. పోయిన ఉంగరము వ్రేలికి లేకపోవుటచే పోయినదని తెలియును. పాసువర్డు పోయినను మన యొద్దనే యుండును. దొంగ దాని నకలు తీసికొనిపోవునే కాని అసలును కొనిపోడు. కావున పోయిన సంగతి సొంతదారునకు తెలియదు. ఈ దొంగతనపు ప్రత్యేకత అంతయు ఇందులోనే యున్నది.

ఇక చరిత్రకు వత్తము. 1960 ప్రాంతపు దశకారంభమున అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఒకే కంప్యూటరును పలువురు పంచుకొని వాడు ఏర్పాటు ఉండెను. ఫెర్నాండో కొర్బాటో అను ఆచార్యుడు దానికి కర్త. ఒకరి కాగితములను వేఱొకరు చూడకుండుటకై ఒక్కొక్కరికి ఒక రహస్యపదము నియ్యవలసి వచ్చెను. అదియే కంప్యూటరు పాసువర్డునకు నాంది. ఆ విద్యాసంస్థలోనే పరిశోధన చేయుచుండిన ఆలన్ షెర్ అను యువకునికి వారమునకు నాలుగు గంటల కాలము మాత్రమే కేటాయింపబడెను. అది చాలక, 1962లో అతడు అందఱి రహస్యపదములున్న పట్టికను అచ్చు తీయించుకొని, ఇతరుల పేరిట పని జరుపుకొనెను. 1966లో మఱియొక వింత జరిగెను. యంత్రమును తెఱచినవారికి కనబడవలసిన స్వాగతవాక్యమునకు బదులుగా, పొరపాటున రహస్యపదముల పట్టిక యంతయు ప్రతివానికిని కనబడెను. పాసువర్డు పుట్టిన కొలదికాలమునకే దాని చౌర్యమును, దాని బట్టబయలును కూడ పుట్టినవన్నమాట.

ఈమెయిలు చిరునామా మాట యట్లే యున్నది. 1971లో రే టామ్లిన్‌సన్ అను ఇంజనీరు, ఒక కంప్యూటరునుండి వేఱొక కంప్యూటరు వాడు మనిషికి జాబు పంపు ఉపాయము కనుగొని, మనిషి పేరునకును యంత్రము పేరునకును నడుమ "ఎట్" అను గుర్తు నుంచెను. మన దేశమున సామాన్యజనులకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ వారి ద్వారా లభించెను. మఱుసటి యేడు సబీర్ భాటియా అను భారతీయుడు, జాక్ స్మిత్ అను మిత్రునితో కలిసి హాట్‌మెయిల్ నెలకొల్పి, చిరునామాలను ఉచితముగా పంచెను. 2004లో గూగుల్ వారి జీమెయిల్ వచ్చెను. నేడు స్మార్టుఫోను కొనిన పల్లెటూరివానికి కూడ ఒక ఈమెయిలు చిరునామా ఏర్పడుచున్నది. దుకాణపువాడో మనుమడో దానిని పెట్టి యిచ్చును. తమకట్టి చిరునామా కలదని తెలియనివారు మన యూళ్ళలో పెక్కుమంది కలరు.

చిరునామా స్వయముగా రహస్యము కాదు. అది ఇంటి నంబరు వంటిది. కాని నేడు బ్యాంకు, రైలు టిక్కెట్టు, పిల్లల పరీక్షాఫలితములు, దుకాణముల కొనుగోళ్ళు అన్నియు ఆ యొక్క చిలుకకొయ్యకే తగిలింపబడియున్నవి. ఎచట కొత్త ఖాతా తెఱచినను ఆ చిరునామాయే యడుగుదురు. ఆ పక్కనే ఒక పాసువర్డు పెట్టుమందురు. మనము జ్ఞాపకము కొఱకై అన్నిచోట్ల ఒకే పాసువర్డు పెట్టుదుము. ఇంటికి, పశువులకొట్టమునకు, ధాన్యపు గాదెకు, పెట్టెకు ఒకే తాళపుచెవి చేయించుకొన్నట్లే కదా! అన్నింటిలో బలహీనమైన తాళమును ఒకడు విఱిచి ఆ తాళపుచెవి నమూనా తీసికొన్నచో తక్కిన తలుపు లన్నియు వానికి తెఱచినట్లే.

సంస్థలవారు పాసువర్డులను ఉన్నవి యున్నట్లు దాచరాదని పెద్దలు చాలకాలము క్రిందటనే చెప్పిరి. 1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అనువారు ఈ విషయమున ప్రసిద్ధమైన వ్యాసము ప్రకటించిరి. వారు చెప్పిన పద్ధతిని మన యింటి వస్తువులతో చెప్పెదను. పసుపులో సున్నము కలిపినచో ఎఱ్ఱని పారాణి యగును. ఆ యెఱుపునుండి తిరిగి పసుపును వేఱుచేయుట సులభము కాదు. కాని అదే పసుపు, అదే సున్నము, అదే పాలున కలిపినచో అదే యెఱుపు వచ్చును. సంస్థ పసుపును దాచక పారాణిని మాత్రమే దాచవలెను. మనము పాసువర్డు కొట్టినపుడు మరల కలిపి, రంగు సరిపోయినదా యని చూడవలెను. దీనిని "హ్యాష్" అందురు. దొంగకు పారాణి దొరకినను పసుపు సులభముగా దొరకదు. ఇంత చక్కని యుపాయ ముండియు దానిని పాటింపనివారు కలరు. 2009లో అమెరికాలో రాక్‌యూ అను సంస్థనుండి 3 కోట్ల 20 లక్షల పాసువర్డులు ఏ మఱుగును లేకుండ దొంగల పాలయ్యెను. ఆ పట్టికలో అన్నిటికంటె ఎక్కువమంది పెట్టుకొన్నది 123456. మన బడిలో ఒకటవ తరగతి పిల్లవాడు పలక మీద దిద్దు అంకెలవి!

దొంగతనములు ఇట్లు జరుగుచుండగా, పోగొట్టుకొన్నవారికి ఆ సంగతి చెప్పవలెనను నియమము మాత్రము చాలకాలము లేదు. సంస్థకు అప్రతిష్ఠ, చెప్పకున్నచో ఎవ్వరికిని తెలియదు. కావున మౌనమే వారి నీతి యయ్యెను. ఈ మౌనమునకు శాసనముతో మొదట గండి కొట్టినది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము. ప్రజల వివరములు పరుల పాలైనచో ఆ ప్రజలకే తెలుపవలెనని అచటి చట్టము 2003 జులై 1 నుండి అమలులోనికి వచ్చెను. ఐనను తెలుపుటలో జాప్యము పోలేదు. యాహూ సంస్థలో 2013లో జరిగిన చౌర్యము 2016 డిసెంబరులో గాని వెల్లడి కాలేదు. అప్పుడు నూఱు కోట్ల ఖాతాలనిరి. 2017 అక్టోబరులో, ఆనాడున్న 300 కోట్ల ఖాతాలును పోయినవని యొప్పుకొనిరి. నాలుగేండ్లు ముద్రిక పరుల చేతిలో నుండెను. సొంతదారు నిశ్చింతగా నుండెను.

ఇట్టి సమయమున ఒక మేలు జరిగెను. 2013 అక్టోబరులో అడోబీ అను సంస్థ తన ఖాతాదారుల వివరములు దొంగిలింపబడినవని ప్రకటించెను. మొదట లక్షలలో చెప్పిన లెక్క, దొంగల పట్టిక బయటపడు సరికి 15 కోట్లు దాటెను. ట్రాయ్ హంట్ అను ఆస్ట్రేలియా దేశస్థుడు, కంప్యూటరు భద్రతలో నిపుణుడు, ఆ పట్టికలను పరిశీలించుచు ఒక సంగతి గమనించెను. ఒకే మనిషి చిరునామా వేర్వేఱు దొంగతనములలో మరల మరల కనబడుచున్నది; ఆ మనిషికి మాత్రము తెలియదు. దొంగలకందఱకు తెలిసిన సంగతి సొంతదారు నొక్కనికే తెలియకుండుట యేమి న్యాయము? ఈ యాలోచనతో అతడు 2013 డిసెంబరులో, అయిదు దొంగతనముల పట్టికలు చేర్చి, ఒక వెదకు స్థలమును ఇంటర్నెట్టులో నెలకొల్పెను. దాని పేరు "హ్యావ్ ఐ బీన్ పోన్డ్". చివరిమాట ఆటలాడు కుఱ్ఱవారి భాష. "నేను పరుల వశమైతినా?" అని దాని భావము. నేడు అందులో వందలకొలది దొంగతనముల పట్టికలును, వేయికోట్లకు మించిన నమోదులును గలవు. వెదకుటకు రుసుము లేదు.

దీని పనిని మీకు సుపరిచితమైన పోలికతో చెప్పెదను. పొలము కొనబోవువారు రిజిస్ట్రారు కచేరికి పోయి ఈసీ తీయింతురు. ఆ పొలముపై ఇంతకు ముందు తనఖా గాని, అమ్మకము గాని జరిగినదా యని చూతురు. ఈసీ అప్పు తీర్చదు, దావా గెలిపింపదు. ఉన్న భారము నున్నట్లు చెప్పును. అంతియే. అట్లే ఇది మన చిరునామా ఏయే సంస్థల దొంగతనములలో, ఏ యేట, ఏయే వివరములతో పోయినదో చెప్పును. పోయినదానిని తిరిగి తేలేదు. మన మార్కాపురపు పలక మీద వ్రాసినది తడిగుడ్డతో తుడిచినచో పోవును. ఇంటర్నెట్టులో బయటపడినది శిలాశాసనము వంటిది. తుడుచుట మన వశము కాదు. తెలిసికొని తాళము మార్చుకొనుట మాత్రము మన వశము.

ఇచట ఒక ధర్మసందేహము కలుగును. నా చిరునామాను వేఱొకడు కొట్టి చూచినచో నా గుట్టు వానికి తెలియదా? ఈ ప్రశ్న 2015లో తీవ్రముగా వచ్చెను. వివాహితులు రహస్యసంబంధములు కోరి చేరు ఆష్లీ మాడిసన్ అను సంస్థనుండి మూడుకోట్లకు పైగా ఖాతాల వివరములు బయటపడెను. అట్టి పట్టికలో పేరున్నదని తెలిసినచో సంసారములు కూలును. ఒకని చిరునామాను వేఱొకడు వాడి చేర్చియుండవచ్చును గూడ. హంట్ ఆ పట్టికను అందఱకు తెఱవలేదు. చిరునామా తనదే యని జాబు ద్వారా రుజువు పఱచుకొన్న సొంతదారునికే సమాధానము వచ్చునట్లు కట్టడి చేసెను. తెలుపుటకును బట్టబయలు చేయుటకును గల భేదము ఇదియే.

ఆ భేదము మన దేశమున 2021లో విపరీతముగా కనబడినది. డామినోస్ అను పిజ్జా దుకాణముల సంస్థకు మన దేశములో వచ్చిన 18 కోట్ల ఆర్డరుల వివరములు దొంగిలించినవారు, తామే యొక వెదకు స్థలము పెట్టిరి. ఎవ్వని ఫోను నంబరు గాని, ఈమెయిలు గాని కొట్టినను ఆ మనిషి వివరములు, ఆర్డరు తెప్పించుకొన్న చోటు కూడ కనబడునట్లు చేసిరి. హంట్ పెట్టినదియు వెదకు స్థలమే, దొంగలు పెట్టినదియు వెదకు స్థలమే. మొదటిది పోయినదని మాత్రము చెప్పి పోయినదేమో చూపదు. రెండవది దారినపోవువాని కెల్ల చూపును. ఒకటి వైద్యుని చేతి కత్తి, ఒకటి కసాయి కత్తి.

పాసువర్డు విషయమున ఇంకను సూక్ష్మమైన చిక్కు గలదు. "నా పాసువర్డు దొంగల పట్టికలో నున్నదా?" యని యడుగవలెనన్నచో పాసువర్డునే చెప్పవలెను కదా! చెప్పినచో అడిగినదే పోగొట్టుకొన్నట్లు. 2017లో హంట్ 30 కోట్లకు మించిన పోయిన పాసువర్డులను, ఎవరివో తెలియకుండ, వేఱొక పట్టికగా నుంచెను. 2018లో క్లౌడ్‌ఫ్లేర్ సంస్థలోని జునేద్ అలీ యను నిపుణుని యుపాయమును దానికి చేర్చెను. అది యెట్లనగా, మన పాసువర్డును మన ఫోనే పారాణిగా మార్చును. ఆ పారాణి గుర్తు నలువది యక్షరములది. అందులో మొదటి యయిదక్షరములనే అవతలికి పంపును. అవతలివారు ఆ యయిదింటితో మొదలగు గుర్తులనన్నిటిని, వందలకొలది, తిరిగి పంపుదురు. మన ఫోనే వానిలో మనది కలదో లేదో చూచుకొనును. గ్రామ రికార్డులో నా పొలము నంబరు చెప్పకయే, "ఈ పుట యంతయు చూపుము" అని యడిగి, నేనే చూచుకొన్నట్లు. అడిగినవాడు దేనికై యడిగెనో చూపినవానికి తెలియదు. పాణిని సూత్రమువలె లాఘవము గల యుపాయమిది.

ఇక మన తెలుగువారి సంగతి. 2021 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా ప్రయాణికుల వివరములు చూచు సీటా అను సంస్థలో చౌర్యము జరిగెను. 2011 ఆగస్టు మొదలు 2021 ఫిబ్రవరి వఱకు ప్రయాణించినవారిలో లోకమంతట 45 లక్షలమంది పేర్లు, పుట్టిన తేదీలు, పాస్‌పోర్టు వివరములు అందుండెను. చదువులకును ఉద్యోగములకును విదేశములకు పోయిన బిడ్డలు గల తెలుగు కుటుంబములు ఎన్నియో ఆ కాలమున ఆ విమానములెక్కినవే. ప్రయాణికులకు పూర్తి వివరముతో జాబులు మే నెలలో వచ్చెను. 2024లో తెలంగాణ పోలీసులవారి హాక్ ఐ అను భద్రతా సాధనమునుండి సుమారు 2 లక్షలమంది పౌరుల వివరములు, ఈమెయిలు చిరునామాలతో సహా, పోయెను. ఆ యేడు జూనులో పోలీసులు ఒక యువకుని పట్టుకొనిరి. కావలివాని యింట కూడ కన్నము పడవచ్చునని దీనివలన తెలియుచున్నది.

మన పల్లెలకు ఇంకను దగ్గఱి సంగతి యొకటి గలదు. 2017 మే నెలలో, బెంగుళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ పక్షమున అంబర్ సిన్హా, కొడాలి శ్రీనివాస్ అను పరిశోధకులు ఒక నివేదిక ప్రకటించిరి. నాలుగు ప్రభుత్వ పథకముల వెబ్‌సైట్లలో లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలును, బ్యాంకు ఖాతాల వివరములును ఎవ్వరైన చూడగల స్థితిలో నున్నవని అందు చూపిరి. అందులో రెండు కేంద్రమువి: వృద్ధులకు పింఛనులిచ్చు సామాజిక సహాయ కార్యక్రమము, ఉపాధి హామీ పథకము. రెండు మన ఆంధ్రప్రదేశ్‌వి: ఉపాధి హామీ రోజువారీ చెల్లింపుల పట్టిక, చంద్రన్న బీమా. 13 కోట్లకు పైగా ఆధార్ సంఖ్యలు, సుమారు 10 కోట్ల బ్యాంకు ఖాతా సంఖ్యలు ఇట్లు బయటపడియుండవచ్చునని వారి యంచనా. మఱుసటి యేడు ఏప్రిలులో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో 1 లక్షా 34 వేలమంది వివరములు, కులమతములతో సహా, కనబడుచున్నవని శ్రీనివాస్ గారే వెల్లడించిరి. తరువాత వానిని మఱుగుపఱచిరి.

ఇచట దొంగ కన్నము వేయలేదని గమనింపుడు. తలుపు తెఱచియే యున్నది. ఉపాధిపనికి పోయి మట్టి తవ్విన మనిషి, పింఛనుకై వరుసలో నిలిచిన ముదుసలి, తమ వివరములు నమ్మకముతో ఇచ్చిరి. ఈమెయిలు గలవారికి తమ పేరు వెదకుకొనుటకు ఒక స్థలమైన నున్నది. చిరునామా లేని ఆ ముదుసలికి "అమ్మా, నీ ఖాతా నంబరు కొన్నాళ్ళు లోకమునకు కనబడినది" అని చెప్పు జాబు ఎచటికి పోవును? ఆమె తరపున అడుగవలసినవారము చదువు నేర్చిన మనమే. అందులకే యీ ప్రసంగము ఊరి పెద్దల నుద్దేశించి చేయుచున్నాను.

ధర్మశాస్త్రము మాత్రము ముందునకు నడచుచున్నది. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె. ఎస్. పుట్టస్వామి గారి వ్యాజ్యమున, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులోని తొమ్మిదిమంది న్యాయమూర్తులును ఏకకంఠముగా, మనిషి గోప్యత అతని ప్రాథమికహక్కు అని తీర్పు చెప్పిరి. 2023లో పార్లమెంటు వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకై చట్టము చేసెను. వివరములు పరుల పాలైనచో సంస్థ ఆ సంగతిని సొంతదారునకు తెలుపవలెనని అందున్నది. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడెను. బాధ్యతలు విడతలుగా అమలగునట్లు ఏర్పఱచిరి. కాలిఫోర్నియాలో 2003లో పుట్టిన నీతి మన శాసనమున చేరుటకు ఇరువదియేండ్లు పట్టినది.

ఇపుడు చేయవలసిన పని చెప్పెదను. మీ యింటి పిల్లల సాయముతో చేయవచ్చును. జాబులో వచ్చిన లంకెను నొక్కి పోకుడు. పేరును మీరే కొట్టింపుడు: "హ్యావ్", "ఐ", "బీన్" అను మూడు ఇంగ్లీషు మాటలు, తరువాత పి, డబ్ల్యు, ఎన్, ఇ, డి అను అయిదక్షరములు, అన్నియు ఎడము లేకుండ, చివర డాట్ కామ్. అచట ఈమెయిలు చిరునామా మాత్రమే యడుగుదురు. చిరునామా వెదకుటకు పాసువర్డు గాని, ఓటీపీ గాని, సొమ్ము గాని యడిగినచో అది నకిలీ స్థలమని యెఱుగుడు.

మీ చిరునామా పట్టికలో నున్నదని వచ్చినచో బెదరవలదు. ఏ సంస్థనుండి, ఏయే వివరములు పోయినవో చదివింపుడు. పాసువర్డు పోయినదని యున్నచో ఆ సంస్థలో దానిని మార్పుడు. అదే పాసువర్డు ఎక్కడెక్కడ పెట్టితిరో తలచుకొని అన్నిచోట్ల మార్పుడు. మొట్టమొదట ఈమెయిలు ఖాతాది మార్పుడు. ఏలయన తక్కిన తాళములకు కొత్త తాళపుచెవి వచ్చునది ఆ ఖాతాకే. రెండంచెల తనిఖీ యను ఏర్పాటు పెట్టింపుడు; పాసువర్డు తెలిసినను మీ చేతి ఫోను లేనిదే లోనికి పోలేరు. కొత్త పాసువర్డు పొడవుగా, ఒకదానితో నొకటి సంబంధము లేని నాలుగైదు మాటలతో నుండవలెను. మనుమల పేర్లు, పుట్టిన సంవత్సరములు, అందఱకు కంఠస్థమైన పద్యపాదములు వలదు. జ్ఞాపకము చాలదందురా, ఒక పుస్తకములో వ్రాసి పెట్టెలో దాచుకొనుడు. మీ పెట్టె తాళము తీయువాడు మీ యూరివాడు. అన్నిచోట్ల ఒకే పాసువర్డు పెట్టినచో తీయువాడు ఏ దేశమువాడో!

పట్టికలో లేదని వచ్చినచో పూర్తిగా నిశ్చింత వలదు. దొరకిన పట్టికలలో లేదనియే దాని యర్థము. ఇంకను బయటపడని దొంగతనములు ఉండవచ్చును. ఈసీ స్వచ్ఛముగా వచ్చినను, నమోదు కాని నోటిమాట యొప్పందములు పొలముపై నుండవచ్చునని మీరెఱుగనిది కాదు.

ఆధార్ విషయమున, ఆ సంస్థ వారి వెబ్‌సైటులోనే గడచిన ఆరు నెలలలో మీ ఆధార్ ఎప్పుడెప్పుడు తనిఖీకి వాడబడినదో చూచుకొనవచ్చును. వ్రేలిముద్రలకు తాళము వేయు నేర్పాటు కూడ గలదు. ఊరిలో ఒక చదువుకొన్న కుఱ్ఱవాడు నెలకొక పూట గ్రంథాలయము దగ్గఱ కూర్చుండి పెద్దల కీ పని చేసి పెట్టినచో అది అన్నదానమునకు తీసిపోని పుణ్యము. మోసములో సొమ్ము పోయినచో ఆలసింపక 1930 అను నంబరునకు ఫోను చేయుడు. ఎంత త్వరగా చెప్పిన, సొమ్ము ఆగుట కంత అవకాశము గలదు.

ఇక మా మిత్రుని కథ ముగింతును. ఆనాడు అరుగు మీద కూర్చుండియే ఆయన చిరునామా వెదకితిమి. ఎన్నియో యేండ్ల క్రిందట కుమారుని ఉద్యోగము కొఱకై ఆయన పేరు నమోదు చేసిన యొక సంస్థనుండి చిరునామాయు పాసువర్డును పోయినవని తేలినది. ఆయన ఆ సంస్థ పేరు కూడ మఱచిపోయిరి. 2018 నుండి ఇట్టి బెదరింపు జాబులు పాత పట్టికలలోని పాసువర్డులతో లోకమంతట లక్షలమందికి పోయినవని ఆయనకు చెప్పితిని. ఆ జాబు వ్రాసినవాడు ఆయన ముఖమును చూచినవాడు కాడు. వాని యొద్ద నున్నది పాత పట్టికలోని ఒక పంక్తి మాత్రమే.

ఆయన చాలసేపు మాటాడలేదు. తరువాత, "అయితే నేను సిగ్గుపడవలసిన దేమియు లేదన్నమాట" అనిరి. లేదంటిని. ఆనాడు బస్సు ఖర్చులకని తెచ్చిన సొమ్ముతో కనిగిరికి పోక ఇంటికే పోయి, ఇల్లాలితో ఉన్నదంతయు చెప్పి, మనుమరాలి సాయముతో పాసువర్డులన్నియు మార్చుకొనిరి.

రాక్షసమంత్రి మహాబుద్ధిశాలి. ముద్రిక చేతికి వచ్చిన దినమున "నడుమ ఇది యెవరి చేతిలో నుండెను?" అని యొక్క మాట అడిగియున్నచో కథ వేఱుగా నుండెడిది. ఆయనకు అడుగుటకు చోటు లేకపోయెనేమో. మనకు చోటున్నది. సిగ్గుపడక అడుగుడు; అడుగలేనివారి తరపున మీరే అడుగుడు.